అమ్మకు రాత్రింబవళ్ళు దాహం, చలికాలంలో కూడా. ఏ డాక్టర్ దగ్గరికి పోవాలి?

దేవరకొండ_రైతుబిడ్డ | ఫిబ్రవరి 3, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర పల్లె. అమ్మకు 52 ఏళ్ళు. సంక్రాంతికి ముందు నుంచి నీళ్ళ మీదే ఉంది. ఇదివరకు తలాపున చెంబు పెట్టుకుని పడుకునేది, ఇప్పుడు బిందె పెట్టుకుంటోంది. తెల్లారేసరికి అది సగం ఖాళీ. రాత్రి నాలుగైదుసార్లు లేస్తుంది. బాత్రూం వాకిలి అవతల ఉంది, చలికి కొంగు కప్పుకుని పోయి వస్తుంది, రాగానే మళ్ళీ నీళ్ళు. "నాలుక అంగిట్లకు అంటుకుపోతుంది బిడ్డా" అంటుంది.

అన్నం తగ్గింది, ఒళ్ళు కొంచెం తీసింది. పత్తి చేనులోకి పోయినా గట్టు మీదే కూర్చుంటోంది. అడిగితే "ఈ బోరు నీళ్ళ గుణం" అంటుంది. నాయనదీ అదే మాట. మా వైపు పన్ను పచ్చబడ్డా, నడుం పట్టేసినా, ఆఖరికి జుట్టు ఊడినా ఫ్లోరైడ్ మీదికే నెడతారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ వచ్చి గ్లూకోజ్ ఎక్కించి పోయాడు. ఒక పూట హుషారుగా ఉంది, మళ్ళీ మామూలే.

షుగర్ డాక్టరా, కిడ్నీ డాక్టరా? నేరుగా హైదరాబాద్ పోవాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

---

మిర్యాలగూడ_మిల్లు | 9:31

షుగరే తమ్ముడూ. మా బావకు అచ్చం ఇట్లాగే మొదలైంది. దాహం, మూత్రం, ఒళ్ళు తీయడం, మూడూ ఉన్నాయి కదా. రేపు పొద్దున పరగడుపున రక్తం ఇప్పించు.

---

పాలమూరు_సిస్టర్ | 9:48

తమ్ముడూ, నేను సర్కారు దవాఖానలో స్టాఫ్ నర్సును. ముందు ఒక మాట. ఇంత దాహం ఉన్న మనిషికి షుగర్ చూడకుండా గ్లూకోజ్ సీసా పెట్టించకండి. నీరసం అనగానే గ్లూకోజ్ పెట్టడం మన పల్లెల్లో అలవాటైపోయింది. నిజంగా షుగర్ ఉంటే అది ఇంకా పైకి పోతుంది.

హైదరాబాద్ ఇప్పుడే అక్కర్లేదు. మీ పీహెచ్‌సీకి గానీ పల్లె దవాఖానకు గానీ పోతే వేలి మీద సూది గుచ్చి అప్పటికప్పుడే షుగర్ చూస్తారు, డబ్బులు తీసుకోరు. తినకుండా 126 గానీ ఆపైన గానీ వస్తే షుగర్‌ను అనుమానించి ల్యాబులో మళ్ళీ చూస్తారు. ఇట్లా దాహం, మూత్రం ఉన్నవాళ్ళకు ఏ వేళ చూసినా ల్యాబు రక్తపరీక్షలో 200 దాటితే దాదాపు ఖాయం. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.5 లేక అంతకంటే ఎక్కువున్నా అంతే.

ఈలోపు కొన్ని చెప్పు. మూత్రం ప్రతిసారీ ఎక్కువగా, నీళ్ళలాగా పోతోందా, లేక కొంచెం కొంచెం మంటతో పోతోందా? వాంతులున్నాయా? మాట తడబడుతోందా, మత్తుగా ఉంటోందా? ఏమేం మందులు వాడుతోంది? గోలీలన్నీ ఒక కవర్లో వేసుకుని డాక్టర్‌కు చూపించు.

---

అడ్డాకూలీ_నారాయణపేట | 9:55

మేము హైదరాబాద్‌లో బిల్డింగ్ పనికి వస్తాం. ఎండల్లో మాకూ ఇంతే దాహం. మా ఆడోళ్ళకైతే సైటు మీద బాత్రూం ఉండదని పొద్దంతా నీళ్ళే తాగరు. సాయంత్రానికి తలనొప్పి, ఒంటేలుకు మంట. అదీ షుగరేనా సిస్టర్?

---

పాలమూరు_సిస్టర్ | 10:04

కాదన్నా, అది ఒంట్లో నీళ్ళు తగ్గడం. తేడా మూత్రంలోనే తెలుస్తుంది. నీళ్ళు చాలకపోతే మూత్రం తక్కువ పోతుంది, చిక్కటి డికాషన్ రంగులో ఉంటుంది. కడుపునిండా నీళ్ళు తాగి నీడపట్టున కూర్చుంటే దాహం తీరుతుంది. ఈ తమ్ముడి అమ్మది అట్లా కాదు. తాగుతోంది, మళ్ళీ మళ్ళీ పోతోంది, అయినా నాలుక ఎండుతూనే ఉంది. అదీ చలికాలంలో, అర్ధరాత్రి. దాన్ని ఎండ మీద వేయలేం.

మీ ఆడోళ్ళ సంగతి మేస్త్రీతో గట్టిగా మాట్లాడండి. బాత్రూం లేదని నీళ్ళు మానుకుంటే యూరిన్ ఇన్ఫెక్షన్లు, రాళ్ళు వస్తాయి.

---

హాలియా_మెడికల్‌షాప్ | 10:20

నోరు ఎండడం వేరు, దాహం వేరు. మా కౌంటర్ దగ్గర రెండింటినీ కలిపి చెప్తారు. జలుబు గోలీలు, నిద్రకూ నరాలకూ రాసే అమిట్రిప్టిలిన్ లాంటివి, మూత్రం ఆపుకోలేనివాళ్ళకు ఇచ్చేవి, ఇవన్నీ లాలాజలాన్ని తగ్గిస్తాయి. నోరు తడుపుకుంటే ఊరట. గుట్కా, జర్దా నమిలేవాళ్ళకూ నోరు ఎండుతుంది. నోటితోపాటు కళ్ళు కూడా ఇసుక పడ్డట్టు పొడిబారితే అది వేరే జబ్బు, కీళ్ళవాతం చూసే డాక్టర్ చూడాలి.

బీపీకి, కాళ్ళవాపుకు ఇచ్చే "మూత్రం గోలీలు" ఉంటాయి కదా, వాటితో దాహం సహజం. షుగర్‌కు కొత్తగా రాస్తున్న డాపాగ్లిఫ్లోజిన్ కూడా చక్కెరను మూత్రంలోకి పంపే మందే, దానితోనూ దాహం ఉంటుంది. అట్లని సొంతంగా ఆపేయకండి. రాసినాయనను అడగండి.

---

పాత_కల్లు_కొత్త_కుండ | 10:41

పొద్దున రెండు సీసాల కల్లు తాగితే మధ్యాహ్నం ఎంత దాహమో మా మహబూబ్‌నగర్ వాళ్ళను అడగండి 😄

---

జనరల్_మెడిసిన్_పీజీ | 11:15

నవ్వులాటకు అన్నా విషయం ఉంది. మత్తు పానీయాలు మెదడు నుంచి వచ్చే ఒక హార్మోన్‌ను అణచేస్తాయి. కిడ్నీకి "నీళ్ళు వదలకు" అని చెప్పేది ఆ హార్మోనే. అందుకే తాగిన దానికంటే ఎక్కువ పోతుంది. కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్ కలిపే దందా మన జిల్లాల్లో ఎప్పటినుంచో ఉన్నదే. దాన్ని ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, డాక్టర్ పర్యవేక్షణలో మానాలి. అది వేరే చర్చ.

రైతుబిడ్డ గారూ, సిస్టర్ చెప్పిన దారిలోనే పోండి. రక్తంలో చక్కెర సుమారు 180 దాటాక కిడ్నీ దాన్ని పట్టి ఉంచలేదు, మూత్రంలోకి వదిలేస్తుంది. ఆ చక్కెర నీళ్ళను వెంట తీసుకుపోతుంది. ఒళ్ళు ఎండుతుంది, దాహమేస్తుంది. ముందు నీళ్ళు పోతున్నాయి, దాహం ఆ తర్వాత. చాలామంది దీన్ని తిరగేసి "ఎక్కువ తాగుతున్నావు కాబట్టి ఎక్కువ పోస్తున్నావు" అని నీళ్ళు ఆపమంటారు. ఆపకండి. కారణం తేలేదాకా అడిగినన్ని ఇవ్వండి. అయితే ఉత్త నీళ్ళు, ఉప్పు తక్కువ వేసిన పల్చటి మజ్జిగ. కూల్‌డ్రింకులు, చెరుకు రసం వద్దు.

ఒక పని చేయగలరా? ఒక రోజంతా మూత్రం కొలవండి. ఖాళీ లీటరు సీసా చాలు. పెద్దవాళ్ళకు 24 గంటల్లో 3 లీటర్లు దాటితే అది లెక్కలోకి తీసుకోవాల్సిన విషయం. డాక్టర్ ముందు "చానా పోతుంది సార్" అనడం కంటే "నాలుగు లీటర్లు" అంటే పని జరుగుతుంది.

---

సాగర్_ఎడమకాల్వ | ఫిబ్రవరి 4, ఉదయం 6:50

నీళ్ళ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఫ్లోరైడ్ మాట వచ్చినచోట రెండు ముక్కలు చెప్పాలి.

తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. మన మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోర్లు దాన్ని ఎన్నోరెట్లు దాటినవి ఉన్నాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) వాళ్ళు తయారుచేస్తే దానికి పేరే "నల్గొండ టెక్నిక్" అని పెట్టారు. మన జిల్లా పేరు ప్రపంచమంతా పాకింది ఇట్లా. తర్వాత కృష్ణా నీళ్ళు వచ్చాయి, మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లోనే కట్టారు.

ఫ్లోరైడ్ ముఖ్యంగా పళ్ళనూ ఎముకలనూ పడుతుంది. వచ్చిన దాహాన్నంతా దాని ఖాతాలో రాస్తే అసలు జబ్బు దాక్కుంటుంది. కానీ ఇంకో సంగతి ఉంది. మీ అమ్మగారు రోజుకు ఆరేడు లీటర్లు తాగుతూ అవి బోరు నీళ్ళే అయితే, అందరికంటే రెండు మూడింతల ఫ్లోరైడ్ ఆమె ఒంట్లోకి పోతోంది. కాబట్టి కారణం ఏదైనా సరే ఈ రోజు నుంచే ఆమెకు నల్లా నీళ్ళు పట్టి ఉంచండి. బోరు నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

---

దేవరకొండ_రైతుబిడ్డ | మధ్యాహ్నం 1:26

పీహెచ్‌సీకి పోయి వచ్చాం. పరగడుపున 98! తిన్న రెండు గంటలకు 121. ఏఎన్‌ఎం "షుగర్ లేదు, పో అమ్మా" అంది. అమ్మ సంబరపడింది. నాయన "నేను ముందే చెప్పలే, నీళ్ళే" అంటున్నాడు. హెచ్‌బీఏ1సీకి, కిడ్నీకి రక్తం తీసి జిల్లాకు పంపారు, తెలంగాణ డయాగ్నస్టిక్స్ నుంచి రిపోర్ట్ వస్తుందట.

నిన్న రాత్రి నుంచి కొలుస్తున్నా. ఇప్పటికే మూడు సీసాలు నిండి నాలుగోది సగమైంది. ఇంకా రోజు గడవలేదు.

షుగర్ కాకపోతే ఏమిటి మరి? టెన్షన్‌గా ఉంది.

---

మిర్యాలగూడ_మిల్లు | 1:40

మీటర్ తప్పు చూపించిందేమో, ఇంకోచోట చూపించు.

---

జనరల్_మెడిసిన్_పీజీ | 2:05

మీటర్లు కొంచెం అటూ ఇటూ చూపిస్తాయి గానీ, చక్కెర వల్లే నాలుగు లీటర్లు పోయే మనిషికి 98, 121 రెండూ రావు. షుగర్‌ను పక్కన పెట్టవచ్చు. షుగర్ లేదంటే జబ్బు లేదని కాదు, కారణం ఇంకోచోట ఉందని.

ఇప్పుడు రక్తంలో చూడాల్సినవి: క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు దీనితో తెలుస్తుంది), సోడియం, పొటాషియం, కాల్షియం. పొటాషియం తగ్గినా, కాల్షియం పెరిగినా కిడ్నీ మూత్రాన్ని చిక్కబరచలేదు. కిడ్నీ జబ్బు ముదురుతున్నప్పుడు కూడా రాత్రి మూత్రం పెరుగుతుంది. ఇవేవీ కాకపోతే ఇందాక చెప్పిన ఆ హార్మోన్ సంగతి చూడాలి. తలకు దెబ్బ తగిలాక, మెదడు ఆపరేషన్ అయ్యాక, కొందరికి ఏ కారణమూ లేకుండా అది తగ్గిపోతుంది. దాన్ని డయాబెటిస్ ఇన్సిపిడస్ అనేవారు. పేరులో డయాబెటిస్ ఉన్నా చక్కెరతో సంబంధం లేదు. గందరగోళం ఎక్కువవుతోందని 2022లో డాక్టర్ల సంఘాలు పేరు మార్చాలని తీర్మానించాయి. దానికి డెస్మోప్రెసిన్ అని మందుంది, బాగా పనిచేస్తుంది. నీళ్ళు ఆపి చేసే పరీక్ష ఒకటుంది, అది ఆస్పత్రిలోనే చేయాలి, ఇంట్లో ప్రయత్నించకండి.

సిస్టర్ నిన్న అడిగినదానికి మీరు జవాబు చెప్పలేదు. మందులేమైనా వాడుతున్నారా? మానసిక జబ్బుకు లిథియం గానీ, స్టెరాయిడ్లు గానీ, చెట్ల మందు గానీ?

---

దేవరకొండ_రైతుబిడ్డ | 2:31

అట్లాంటివేం లేవు సార్. బీపీ లేదు. మోకాళ్ళ నొప్పులకు బలం మందు తింటుంది అంతే.

---

పాలమూరు_సిస్టర్ | 2:34

ఏం బలం మందు? డబ్బా ఫోటో పెట్టు.

---

నాగర్‌కర్నూల్_టీచర్ | సాయంత్రం 5:10

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నేను రెసిడెన్షియల్ స్కూల్లో పనిచేస్తాను. ఆరో తరగతి బాబు ఒకడు రెండు వారాలుగా క్లాసు మధ్యలో లేచి నల్లా దగ్గరికి పోతున్నాడు. పాఠం తప్పించుకోవడానికని మా సార్లు కోప్పడుతున్నారు. పక్కలో మూత్రం పోస్తున్నాడని మిగతా పిల్లలు వాడి పరుపును గోడకు నెట్టారు. ఈ చర్చ చదివాక వార్డెన్‌ను అడిగితే, "వాడు పోసిన చోట చీమలు పడుతున్నాయి మేడం" అంది. ఇవాళ మధ్యాహ్నం నుంచి కడుపునొప్పి అంటున్నాడు, ఒకసారి కక్కాడు. పిల్లలకు షుగర్ వస్తుందా? రేపు పొద్దున దవాఖానకు తీసుకుపోదామా?

---

జనరల్_మెడిసిన్_పీజీ | 5:14

రేపు కాదు మేడం. ఇప్పుడే. 108కి ఫోన్ చేయండి.

పిల్లలకు వచ్చే షుగర్ వేరు, ఇన్సులిన్ పూర్తిగా ఆగిపోతుంది. వాంతి, కడుపునొప్పి మొదలయ్యాయంటే రక్తం ఆమ్లంగా మారుతోందని భయపడాలి. శ్వాస వేగంగా, లోతుగా తీస్తున్నాడా చూడండి. నోటి నుంచి మగ్గిన పండు వాసన వస్తుందా? మత్తుగా ఉన్నాడా? ఇవి లేకపోయినా ఆగకండి. గ్లూకోజ్ నీళ్ళు, జ్యూసు పట్టించకండి. మెలకువగా ఉండి అడిగితే ఉత్త నీళ్ళు ఇవ్వండి.

---

పాలమూరు_సిస్టర్ | 5:16

మేడం, పోయేదారిలో పీహెచ్‌సీ ఉంటే మీటర్‌తో ఒకసారి చూడమనండి, ఆలస్యం కాకపోతేనే. వాడి అమ్మానాన్నకు ఫోన్ చేయండి.

---

దేవరకొండ_రైతుబిడ్డ | రాత్రి 8:02

టీచరమ్మా, బాబు ఎట్లా ఉన్నాడో చెప్పండి.

సిస్టర్, ఫోటో పెట్టాను. చిన్న పొడి ప్యాకెట్, మీద విటమిన్ డి3, 60,000 అని ఉంది. ఆర్‌ఎంపీ ఇచ్చాడట, దసరా తర్వాత నుంచి. అమ్మ రోజూ రాత్రి పాలల్లో కలుపుకుని తాగుతోంది. "ఫ్లోరైడ్‌తో ఎముకలు గుల్లబారాయి, ఇది తాగితే గట్టిపడతాయి" అన్నాడట. దాంతోపాటు పొద్దునొకటి, రాత్రొకటి కాల్షియం గోలీ. అటక మీద చూస్తే ఖాళీ కవర్లు సంచెడున్నాయి, పారేయకుండా దాచిపెట్టింది.

---

హాలియా_మెడికల్‌షాప్ | 8:09

రోజూనా?! అది వారానికి ఒక్కటి. అదీ కొన్ని వారాలు మాత్రమే.

---

జనరల్_మెడిసిన్_పీజీ | 8:30

రైతుబిడ్డ గారూ, ఆ పొడి, కాల్షియం గోలీలు రెండూ ఈ రాత్రి నుంచే బంద్. రేపు పొద్దున నల్గొండ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో జనరల్ మెడిసిన్ ఓపీకి తీసుకెళ్ళండి. ఖాళీ కవర్లు కొన్ని చేతిలో పెట్టుకోండి. సీరమ్ కాల్షియం, విటమిన్ డి, క్రియాటినిన్ అడగండి.

విటమిన్ డి అన్నంలో తినేదానితో ఎక్కువ కాదు, ఎండతోనూ కాదు. ఇట్లా మోతాదు దాటి మింగితేనే అవుతుంది. అది నీళ్ళలో కరిగి బయటికి పోయే విటమిన్ కాదు, కొవ్వులో నిల్వ ఉంటుంది. రక్తంలో కాల్షియం పెరిగితే దాహం, ఎక్కువ మూత్రం, ఆకలి మందగించడం, నీరసం, మలబద్ధకం. ఆమెకు మలబద్ధకం ఉందా అడగండి. బాగా పెరిగితే తికమక, గుండె లయ తప్పడం, కిడ్నీ దెబ్బతినడం దాకా పోతుంది. రాత్రి వాంతులు మొదలైనా, పొంతన లేకుండా మాట్లాడినా తెల్లారేదాకా ఆగకండి.

పరీక్ష కాకముందే ఇదే అని తీర్పు చెప్పను. పారాథైరాయిడ్ గ్రంథి వల్ల, కొన్ని క్యాన్సర్ల వల్ల కూడా కాల్షియం పెరుగుతుంది. కానీ ముందు ఈ సంచి సంగతి తేలాలి.

---

దేవరకొండ_రైతుబిడ్డ | 8:41

ఉంది సార్. వారం నుంచి సరిగ్గా పోవట్లేదట, నాకు చెప్పలేదు. పొద్దున ఫస్ట్ బస్సుకే పోతాం.

---

సహజ_జీవనం_గురూజీ | 10:55

షుగర్ ఉన్న పిల్లలకు సూదులు వద్దు! 40 రోజుల్లో ఇన్సులిన్ మాన్పించే మా చూర్ణం కోసం [లింకు తొలగించబడింది]

---

మోడరేటర్ | 11:02

పై సభ్యుణ్ణి నిషేధించాం. ఇన్సులిన్ అవసరమున్న పిల్లలకు దాన్ని మాన్పించడమంటే ప్రాణం తీయడమే. ఇట్లాంటి పోస్టులు కనిపిస్తే వెంటనే రిపోర్ట్ చేయండి.

---

నాగర్‌కర్నూల్_టీచర్ | ఫిబ్రవరి 5, ఉదయం 10:20

బాబు మహబూబ్‌నగర్ పెద్దాస్పత్రిలో ఉన్నాడు. నిన్న దారిలో పీహెచ్‌సీ దగ్గర ఆగాం. వేలికి గుచ్చితే మీటర్ మీద అంకె రాలేదు, రెండు ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి, "హాయ్" అని పలకరిస్తున్నట్టు. అటెండర్ బ్యాటరీ అయిపోయిందేమోనని తీసి మళ్ళీ వేశాడు. మళ్ళీ అవే. అప్పుడు లోపలి నుంచి డాక్టరమ్మ వచ్చి చూసి, ఆ పరుగు పరుగు కాదు. అది "హై"లో మొదటి రెండు అక్షరాలట, మీటర్ కొలిచే హద్దు దాటిందని అర్థమట.

రాత్రంతా సెలైన్, ఇన్సులిన్ నడిచాయి. పొద్దున లేచి ఇడ్లీ అడిగాడు. వాళ్ళమ్మ ముంబైలో పనికి పోయింది, రైలెక్కింది. ఇక రోజూ ఇన్సులిన్ తీసుకోవాలన్నారు. హాస్టల్లో సూది ఎవరు వేయాలి, ఇన్సులిన్ ఎక్కడ పెట్టాలి అన్నది మా ప్రిన్సిపల్‌తో కూర్చోవాలి.

---

పాలమూరు_సిస్టర్ | 10:45

బతికించారు మేడం. చాలా మీటర్లలో 600 దాటితే అట్లా చూపిస్తుంది.

హాస్టల్‌కు ఫ్రిజ్ ఉంటే వాడని ఇన్సులిన్ అందులో పెట్టండి, గడ్డకట్టే పైఅరలో మాత్రం వద్దు. వాడుతున్న సీసాను కొన్ని వారాలు బయట చల్లటి చోట పెట్టుకోవచ్చు. మే నెలలో మన గదులు కొలిమే కాబట్టి అప్పుడు మట్టి కుండ పద్ధతి పెట్టుకోవాలి, అంటే నీళ్ళతో చల్లబడే కుండలో సీసా తడవకుండా ఉంచడం. సూది వేయడం మీరు, వార్డెన్ ఇద్దరూ నేర్చుకోండి, డిశ్చార్జి ముందే వార్డులో నేర్పిస్తారు. షుగర్ ఒక్కసారి పడిపోతే ఏం చేయాలో కూడా అడిగి రాసుకోండి. వాడి జేబులో ఎప్పుడూ నాలుగు గ్లూకోజ్ బిళ్ళలో, చక్కెర పొట్లమో ఉండాలి. క్లాసులో వణుకు, చెమట అంటే ముందు అదే నోట్లో వేయాలి.

---

జడ్చర్ల_డయాలసిస్ | మధ్యాహ్నం 12:15

మా నాన్నకు డయాలసిస్ జరుగుతోంది. ఇక్కడ అందరూ "అడిగినన్ని నీళ్ళివ్వండి" అంటున్నారు, మాకేమో డాక్టర్ రోజుకు లీటరులోపే అన్నాడు. నాన్న రాత్రిళ్ళు దొంగతనంగా తాగుతున్నాడు. ఏం చేయాలి?

---

జనరల్_మెడిసిన్_పీజీ | 1:02

మంచి పని చేశారు అడిగి. డయాలసిస్ వాళ్ళకు, గుండె బలహీనపడి కాళ్ళవాపు, ఆయాసం ఉన్నవాళ్ళకు పై సలహా వర్తించదు. మీ డాక్టర్ చెప్పిన కొలతే. అదనపు నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది.

దాహం తగ్గాలంటే ముందు ఉప్పు తగ్గాలి. తొక్కు, అప్పడాలు, మిర్చి బజ్జీ ఇంట్లో కనబడకూడదు. నాన్నకు ఒక్కడికే ఉప్పు లేని కూర వండి, పక్కన మీరు మామిడికాయ తొక్కుతో తింటే ఆయన ఆగడు. పొద్దున్నే సీసాలో ఆ రోజు వాటా పోసి ఆయన చేతికే ఇవ్వండి, చిన్న గ్లాసు పెట్టండి. నోరు పుక్కిలించి ఉమ్మడం, ఒక చిన్న ఐసు ముక్క చప్పరించడం. ఆ ఐసు కూడా లెక్కలోకే.

ఇంకో వైపు చూస్తే, జబ్బేమీ లేకపోయినా "రోజుకు ఆరు లీటర్లు తాగితే ఒళ్ళు శుద్ధి" అని వీడియోలు చూసి తాగేవాళ్ళున్నారు. కొద్దిసేపట్లో ఎక్కువ నీళ్ళు పోస్తే సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, ఫిట్స్ దాకా వస్తాయి.

---

హాలియా_మెడికల్‌షాప్ | 1:20

ఎండలు వస్తున్నాయి కాబట్టి ఇది కూడా చెప్తా. విరేచనాలైనా, వడదెబ్బ సూచనలు కనబడ్డా "ఓఆర్‌ఎస్" అంటూ తియ్యటి డబ్బా జ్యూసులు కొనుక్కుపోయేవారు. వాటి మీద ఆ పేరు రాయకూడదని 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పింది. లీటరు నీటికి కలిపే 20.5 గ్రాముల పొడి ప్యాకెట్ అడగండి. మొత్తం ప్యాకెట్ ఒక్కసారే లీటరు నీళ్ళలో కలపాలి. గ్లాసులో చిటికెడు వేసుకునే పద్ధతి వద్దు.

---

అడ్డాకూలీ_నారాయణపేట | 1:33

పనిలో ఎవరైనా ఎండకు పడిపోతే నీళ్ళు తాగించాలా?

---

పాలమూరు_సిస్టర్ | 1:47

తెలివి ఉండి తాగగలిగితే తాగించండి. తెలివి లేని మనిషి నోట్లో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒళ్ళు కాలిపోతూ పిచ్చిపిచ్చిగా మాట్లాడుతుంటే అది వడదెబ్బే. 108కి చేసి, నీడలోకి లాగి, బట్టలు వదులు చేసి ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ విసరండి. అంబులెన్స్ వచ్చేదాకా పోస్తూనే ఉండాలి.

---

నకిరేకల్_కోడలు | 3:05

నాకు ఆరో నెల. నాకూ దాహం ఎక్కువే. అత్తమ్మ "కడుపుతో ఉంటే అంతే" అంటోంది.

---

పాలమూరు_సిస్టర్ | 3:22

కొంత మామూలే చెల్లీ. కానీ అత్తమ్మ మాటకు తోడు ఒక రక్తపరీక్ష ఉండాలి. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చూస్తారు, 140 గానీ ఆపైన గానీ వస్తే గర్భంలో వచ్చే షుగర్. కడుపుతో మొదటిసారి దవాఖానకు వచ్చినప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మళ్ళీ చేయాలి. నీకు ఇప్పుడే ఆ టైం. ఈ వారమే పో.

---

దేవరకొండ_రైతుబిడ్డ | ఫిబ్రవరి 6, రాత్రి 9:30

అమ్మను నల్గొండలో అడ్మిట్ చేశారు. కాల్షియం 13.4. మామూలుగా పదిన్నర లోపే ఉండాలట. విటమిన్ డి 150 దాటింది. క్రియాటినిన్ కొంచెం పెరిగింది, తగ్గుతుందన్నారు. సెలైన్లు ఎక్కుతున్నాయి. వార్డులో పెద్ద డాక్టర్ ఆ ఖాళీ కవర్లను మంచం మీద పరిచి, విద్యార్థులందరినీ పిలిచి చూపించాడు. అమ్మ సిగ్గుపడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

హెచ్‌బీఏ1సీ 5.5. షుగర్ లేనట్టే.

---

సాగర్_ఎడమకాల్వ | 9:52

ఇది వింటుంటే కోపం వస్తోంది. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళలో పాలు, ఆకుకూరలు, కాల్షియం ఉన్న తిండి తినమని చెప్పేది మేమే. ఆ మాట ఊళ్ళోకి చేరేసరికి ప్యాకెట్ల అమ్మకం అయింది.

---

దేవరకొండ_రైతుబిడ్డ | ఫిబ్రవరి 14, సాయంత్రం 6:15

ఇంటికి వచ్చాం. కాల్షియం 10.8కి దిగింది. ఒంట్లో నిల్వ ఉన్నది పోవడానికి నెలలు పట్టొచ్చట, కాబట్టి మధ్యమధ్య రక్తం చూపించాలి. విటమిన్ డి, కాల్షియం ఏ రూపంలోనూ వద్దన్నారు. మోకాళ్ళకు ఎక్స్‌రే తీశారు, అరుగుదల అన్నారు, వ్యాయామాలు చూపించారు. రాత్రి ఇప్పుడు ఒక్కసారే లేస్తోంది. నాయన ఊళ్ళో ఎవరికి మోకాళ్ళు నొస్తున్నా ఏం ప్యాకెట్ తాగుతున్నారని అడుగుతున్నాడు.

టీచరమ్మా, బాబు ఎట్లా ఉన్నాడు?

---

నాగర్‌కర్నూల్_టీచర్ | 7:40

క్లాసుకు వస్తున్నాడు. సూది వాడే వేసుకుంటున్నాడు, నేను పక్కన నిలబడతా. పరుపు మళ్ళీ వరసలోకి వచ్చింది. మీ ఇంట్లో మిగిలిన ప్యాకెట్లు ఏం చేశారు?

---

దేవరకొండ_రైతుబిడ్డ | 7:58

ఇంకా ఓ డజను మిగిలాయి. మా చిన్నమ్మ వచ్చి "అక్కకు పడలేదు గానీ నాకు పడొచ్చు, ఇటు ఇయ్యి" అంది. అన్నీ కత్తిరించి మోరీలో పోశాను. ఆమె అంతకుముందే రెండు డబ్బాలు తెప్పించుకుందట. గురువారం ఆమెను కూడా రక్తపరీక్షకు తీసుకెళ్తున్నా.